కాపలా పల్లెది, పెత్తనం పట్నానిది
కోరంగి మడ అడవి, వేట, నీరు మూడూ ఒకే ముడి

తాళ్ళరేవు : గౌతమీ గోదావరి సముద్రంలో కలిసేచోట, కాకినాడకు దక్షిణంగా పరచుకొని ఉన్న కోరంగి మడ అడవిని కాపాడాలని అనని అధికారి లేడు, అనని నాయకుడు లేడు. అయితే కాపాడే పనిలో కష్టం ఎవరిది, మాట ఎవరిది అన్న ప్రశ్న వచ్చేసరికి లెక్క తప్పుతున్నది. వేట మానుకోవలసింది మత్స్యకారుడు. మడ కంప నరకడం మానుకోవలసింది పల్లె ఆడవారు. పశువులను అడవిలోకి తోలరాదన్న ఆంక్ష పాడిరైతుకు. నదిలోకి నీరెంత వదలాలి, రేవు ఎంత లోతు తవ్వాలి, ఏ ఫ్యాక్టరీ నీరు ఎక్కడ కలవాలి, ఏ భూమి ఎవరికివ్వాలి అన్నవి మాత్రం చాలావరకు ఈ పల్లెల ప్రమేయం లేకుండానే తేలిపోతున్నాయి. ఈ తేడా సరిదిద్దకుండా తీరం నిలవదని గత ముప్పయి ఏళ్ళ అనుభవం చెబుతున్నది.

అడవి ఏం పెడుతున్నది

కోరంగిని ప్రభుత్వం 1978లో అభయారణ్యంగా ప్రకటించింది. దీని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. నల్లమడ, తెల్లమడ, పొన్న, తిల్ల వంటి చెట్లు ఇక్కడ పోటుకు మునుగుతూ, పాటుకు తేలుతూ పెరుగుతాయి. నీటికుక్కలకు, బావురుపిల్లులకు ఇది నివాసం. దూరప్రాంతాల నుంచి వలస వచ్చే పక్షులకు చలికాలపు మజిలీ.

పల్లెలకు ఇంతకన్నా దగ్గర లెక్క మరొకటి ఉన్నది. మడ ఆకు రాలి బురదలో కుళ్ళుతుంది. ఆ కుళ్ళును తిని సన్న పురుగు, నాచు పెరుగుతాయి. వాటిని తిని రొయ్య పిల్ల, చేపపిల్ల ఎదుగుతాయి. పెద్ద చేపలు దూరలేని ఆ వేళ్ళ సందులలో పిల్లలకు రక్షణ దొరుకుతుంది. మండపీత, పండుగప్ప, బొంత, పలురకాల రొయ్యలు చిన్నతనం ఈ పాయలలో గడిపి, పెరిగిన తరువాత సముద్రం దారి పడతాయి. అంటే అడవి ముఖం ఎన్నడూ చూడని ఉప్పాడ వేటగాని వలలో పడే రొయ్య కూడా ఏదో ఒక మడ పాయలో పెరిగినదే కావచ్చు. ఇక్కడ పది ఎకరాల మడ పోతే ఆ నష్టం పది ఎకరాలతో ఆగదు.

రెండవ మేలు గాలివాన నాడు తెలుస్తుంది. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు కోరంగి. 1789 డిసెంబరులోను, తిరిగి 1839 నవంబరులోను వచ్చిన ఉప్పెనలకు ఆ ఊరు అతలాకుతలమైంది. తుపానుకు ఇంగ్లీషులో 'సైక్లోన్' అన్న పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన తన పరిశీలనలో కోరంగి ఉప్పెనను కూడా చెప్పుకున్నాడు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను వెయ్యి మందికి పైగా పొట్టన పెట్టుకున్నది. వేటకు వెళ్ళి తిరిగిరాని వారు అందులో ఎందరో. మడ ఉన్నంత మాత్రాన ఉప్పెన ఆగిపోదు. కాని అల ఊపు తగ్గుతుంది, గట్టు కోత తగ్గుతుంది, వెనుకనున్న ఊరికి కొంత వ్యవధి చిక్కుతుంది. ప్రాణాలు దక్కడానికి ఆ కొంతే ఒక్కొక్కసారి చాలు.

కాకినాడ రేవుకు ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ సంగతీ ఇంతే. గోదావరి తెచ్చిన ఇసుక, ఒండ్రుమట్టితో గత రెండు శతాబ్దాలలో ఏర్పడిన సుమారు 16 కిలోమీటర్ల ఇసుకతిన్నె అది. పెద్ద అలలను తన మీద వేసుకొని లోపలి అఖాతాన్ని, రేవును కాస్తున్నది. అడవి, తిన్నె, నది మూడూ కలిసి కట్టిన గోడ ఇది.

ఎండిన దిబ్బ మళ్ళీ చిగిర్చింది

ఈ అడవి ఒక దశలో బాగా చెడింది. పూర్వం కలపకోసం ఒక్కొక్క భాగాన్ని మొత్తంగా నరికే పద్ధతి ఉండేది. చెట్టు పోయినచోట నేల ఎండకు కుంగి పళ్ళెంలా తయారయ్యేది. పోటు నీరు అందులోకి వచ్చి బయటికి పోలేక నిలిచి, ఆవిరై, ఉప్పు మిగిల్చేది. ఏటేటా ఉప్పు పెరిగి చివరకు ఒక్క మొక్కా బతకని దిబ్బగా మారేది. పశువులు తొక్కడం, వంటచెరకు నరకడం వల్లనే అడవి పోయిందని ఆ రోజులలో నింద ఎక్కువగా పల్లెల మీదనే పడింది. అసలు జబ్బు నీరు ఆడకపోవడమని తరువాత తేలింది.

1990 దశకం చివర ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ కలిసి గోదావరి, కృష్ణా మడ అడవులలో పల్లెలను కలుపుకొని పని మొదలుపెట్టాయి. ఈ ప్రాంతంలో మట్లపాలెం వంటి గ్రామాలు అందులో చేరాయి. అభయారణ్యం పరిధిలోని ఊళ్ళలో పర్యావరణ అభివృద్ధి కమిటీలు, బయట వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. ఎండిన దిబ్బలలో ఒక పెద్ద కాలువ తవ్వి, దానికి రెండు వైపులా చేపముల్లు ఆకారంలో పిల్లకాలువలు తీశారు. పోటుకు నీరు వచ్చి పాటుకు పోవడం మొదలైంది. ఉప్పు కడుక్కుపోయింది. గట్టు వెంబడి నాటిన మొక్క నిలిచింది. ఏ పాయలో నీరు ఎంతవరకు ఎక్కుతుందో, ఏ దిబ్బ ఎన్నాళ్ళు ఆరి ఉంటుందో పడవ తిప్పే వారికే బాగా తెలుసు. ఆ తెలివి ఈ పనికి అక్కరకు వచ్చింది. కాలువలు పూడిపోకుండా ఏటా బాగుచేసే బాధ్యత కూడా కమిటీలు తీసుకున్నాయి.

దేశంలోని అడవుల స్థితిపై 2023 సంవత్సరానికి వెలువడిన కేంద్ర నివేదికలో మొత్తం మడ విస్తీర్ణం అంతకు ముందరి లెక్కకన్నా ఏడు చదరపు కిలోమీటర్లకు పైగా తగ్గింది. అదే నివేదికలో ఆంధ్రప్రదేశ్ మడ సుమారు 13 చదరపు కిలోమీటర్లు పెరిగి 421 చదరపు కిలోమీటర్లకు చేరింది. గుజరాత్‌లో తగ్గినచోట మన రాష్ట్రంలో పెరగడం సంతోషించదగిన విషయమే. అయితే పెరిగినదాన్ని నిలబెట్టుకోవడం వేరే పని.

61 రోజుల లెక్క

సముద్రంలో చేపలు గుడ్డుపెట్టే కాలంలో వేట ఆపాలన్న నియమం మంచిదేనని మత్స్యకారులలో ఎక్కువమంది ఒప్పుకుంటారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి మే 31 వరకు ఉండే 47 రోజుల నిషేధాన్ని 2015 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులకు పెంచారు. ఇంజను లేని నాటు పడవలకు మినహాయింపు ఉన్నది. వేట లేని కాలానికి ఇచ్చే భృతి 2019లో 10 వేల రూపాయలు కాగా, 2025 ఏప్రిల్‌లో దానిని 20 వేలకు పెంచి పంపిణీ చేశారు. ఇరవై వేలను 61 రోజులకు పంచితే రోజుకు 328 రూపాయలు పడుతుంది. ఇంటిల్లిపాదీ ఆ డబ్బుతోనే గడపాలి. మునుపటికంటే ఇది మెరుగే.

కాని ఆ భృతి బోటు ఎక్కే వారి లెక్క ప్రకారం వస్తుంది. ఒడ్డున చేప కొని తట్టలో పెట్టుకొని ఊరూరా అమ్మే ఆడవారికి, ఎండుచేప ఆరబెట్టేవారికి, వల బాగుచేసేవారికి, ఐసు మోసేవారికి కూడా ఆ రెండు నెలలు పని ఉండదు. వారి పేరు జాబితాలో ఉండదు. నిషేధం ఊరంతటికీ, భృతి కొందరికీ అన్న చందంగా ఉన్నదీ ఏర్పాటు.

నిషేధం పోను మిగిలిన పది నెలల మాట ఇంకా ముఖ్యం. రాష్ట్ర సముద్ర మత్స్య చట్టం 1994లో వచ్చింది. దాని కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు నీరు సంప్రదాయ వేటకు ప్రత్యేకించారు. పెద్ద మరబోట్లు ఆ హద్దు దాటి వేటాడాలి. సముద్రంలో గీత కనిపించదు కాబట్టి హద్దు కాగితం మీద నిలిచిపోయే సందర్భాలు ఎక్కువ. రెండు నెలలు ఆగి పెంచుకున్న చేపను జూన్ 15 తరువాత గట్టు దగ్గరకే వచ్చి పెద్ద వల ఊడ్చుకుపోతే చిన్న పడవవాడు ఎందుకు ఆగినట్టు? 2022 జనవరిలో విశాఖ తీరంలో రింగువలల మీద పల్లెల మధ్య గొడవ ముదిరి పడవలు తగలబడ్డాయి. నియమం రాసి ఊరుకొని, అమలు మరచిపోతే అన్నదమ్ముల వంటి ఊళ్ళు శత్రువులవుతాయనడానికి అది సాక్ష్యం.

తాబేళ్ళ సంగతి కూడా ఇందులో భాగమే. చలికాలం చివర ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే సముద్రపు తాబేళ్ళు ట్రాలు వలలో చిక్కి ఊపిరాడక చస్తున్నాయి. వలకు ఒక కమ్మీల చట్రం అమరిస్తే తాబేలు బయటపడుతుంది, రొయ్య లోపల మిగులుతుంది. ఆ ఏర్పాటు లేదన్న కారణం చూపి అమెరికా 2019లో మన సముద్రపు రొయ్యలను కొనకుండా నిషేధం పెట్టింది. తాబేలు చస్తే మనకేమిటి అనుకున్నవారికి ధర పడిపోయిన నాడు జవాబు దొరికింది.

బయటి నుంచి వచ్చే నష్టం

పల్లెలు ఎంత నిష్ఠగా ఉన్నా తీరదని కష్టాలు కొన్ని ఉన్నాయి. అవి పై నుంచి, పక్క నుంచి వస్తున్నాయి.

మొదటిది నది. మడ చెట్టుకు ఉప్పునీరు ఎంత అవసరమో మంచినీరు కూడా అంతే అవసరం. వానకాలంలో వరద ఉప్పును కడుగుతుంది, ఒండ్రు తెచ్చిపెడుతుంది. గోదావరి పొడవునా కట్టిన ఆనకట్టలు, జలాశయాలలో ఒండ్రు నిలిచిపోతున్నది. వేసవిలో ధవళేశ్వరం దిగువకు వచ్చే నీరు బాగా తగ్గిపోతున్నది. కాలువ కింద రైతుకు నీరు కావాలి, అందులో తగాదా లేదు. కాని నీటి పంపకం జరిగే సమావేశంలో వరిచేనుకు, చెరకుకు, పట్నాల కుళాయికి వాటా మాట్లాడేవారు ఉన్నట్టు, మొగలో ఉన్న అడవికి, చేపకు మాట్లాడే మనిషి ఉండవద్దా అన్నది ఆలోచించవలసిన విషయం.

రెండవది కోత. ఉప్పాడలో ఇళ్ళు, గుళ్ళు, రోడ్డు ఏళ్ళ తరబడి సముద్రం పాలవుతున్నాయి. నది తెచ్చే ఇసుక, ఒండ్రు తగ్గడం అందుకు కారణాలలో ఒకటి. రాళ్ళు పోసి ఒకచోట ఆపితే అల పక్క చోట కోస్తున్నది.

మూడవది మురికి. పరిశ్రమల వ్యర్థజలాల వల్ల వేట పడిపోయిందంటూ 2025 సెప్టెంబరులో ఉప్పాడ ప్రాంత మత్స్యకారులు రోడ్డెక్కారు. నీటిలో ఏమున్నదో పరీక్ష చేసేది అధికారులు, ఫలితం తెలిసేది కార్యాలయాలకు. చచ్చిన చేప కనబడేది మాత్రం పల్లెలకు. అనుమానం పెరగడానికి ఇంతకన్నా మరొకటి అక్కరలేదు.

నాలుగవది భూమి. 1990 తరువాత రొయ్యల చెరువుల జోరులో తీరం వెంట నేల రూపే మారిపోయింది. తీర నియంత్రణ పరిధిలో సంప్రదాయ పద్ధతికి మినహా కొత్త రొయ్యల చెరువులు ఉండరాదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పింది. 2005లో పార్లమెంటు చట్టం చేసి చెరువుల రిజిస్ట్రేషను విధానం తెచ్చింది. 2020లో కాకినాడ దుమ్ములపేట వద్ద మడభూమిని పేదల ఇళ్ళ స్థలాలకు చదును చేయడంపై రేగిన వివాదం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. పేదవాడికి ఇల్లు కావాలి. కాని అలకు అడ్డంగా ఉన్న అడవిని తీసి అక్కడ ఇల్లిస్తే ఆ పేదవాడినే అలకు ఎదురుగా నిలబెట్టినట్టవుతుంది.

పల్లె కూడా తన వంతు చూసుకోవాలి

నష్టమంతా పరాయివారిదే అనడం న్యాయం కాదు. దోమతెర వంటి సన్నకన్ను వలతో పాయ అడ్డంగా కట్టి వేలెడంత లేని పిల్లను కూడా పట్టుకుపోతున్నవారు ఊళ్ళలోనే ఉన్నారు. గుడ్డుతో ఉన్న పీత ధర బాగా పలుకుతుందని దానినీ వదలడం లేదు. ఊరి పక్క భూమిని చెరువులకు కౌలుకిచ్చి, తరువాత బావినీరు ఉప్పెక్కిందని మొరపెట్టుకునే వారూ ఉన్నారు. పూర్వం మత్స్యకార పల్లెలలో కులపెద్దల కట్టుబాట్లు గట్టిగా ఉండేవి. ఏ వల ఎక్కడ వేయాలి, ఎవరి వంతు ఎప్పుడు అన్నది అక్కడే తేలేది. ఆ కట్టుబాట్లలో ఆడవారి మాట లేకపోవడం, బీదవాడి మీద జరిమానా ఎక్కువ పడటం వంటి లోపాలు ఉండేవి. అయినా ఊరు తనంత తాను ఒక హద్దు పెట్టుకోగలదని అవి చూపించాయి. హద్దు మీరినవాడు ఊరివాడైనా బయటివాడైనా ఒకటే శిక్ష అన్న నియమం ఉంటే తప్ప అధికారుల ముందు పల్లె మాటకు బలం రాదు.

చిలికాలో జరిగింది

మనకు పైనున్న ఒడిశాలో చిలికా సరస్సు ఇటువంటి కథే చెబుతుంది. సముద్రంలోకి వెళ్ళే మొగ పూడుకుపోయి, నీరు చప్పబడి, గుర్రపుడెక్క కమ్మి చేప తగ్గిపోయింది. 1993లో ఆ సరస్సును అంతర్జాతీయంగా ప్రమాదంలో ఉన్న వాటి జాబితాలో చేర్చారు. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. ఉప్పునీరు, మంచినీరు మళ్ళీ ఆడసాగాయి. చేప, రొయ్య, పీత దిగుబడి ఎన్నో రెట్లు పెరిగింది. 2002లో ఆ జాబితా నుంచి చిలికా పేరు తొలగింది.

అదే చిలికాలో మరో పాఠం కూడా ఉన్నది. సరస్సులో గట్లు, వలలు అడ్డుకట్టి రొయ్య పెంచే పెట్టుబడిదారులకు, వేట మీద బతికే మత్స్యకారులకు మధ్య తగాదా ముదిరి 1999 మేలో సొరానా గ్రామంలో పోలీసు కాల్పులలో నలుగురు చనిపోయారు. నీటిని బాగుచేయడం ఒక ఎత్తు. బాగుపడిన నీటి మీద హక్కు ఎవరిదో ముందే తేల్చడం మరో ఎత్తు. రెండవది మరచిపోతే మొదటిది చేసిన మేలు బలవంతుడి పాలవుతుంది.

ఇప్పుడు కావలసింది

ఇందుకు కొత్త చట్టం కోసం కాచుకొని కూర్చోవలసిన పని లేదు. ఉన్న వాటిలోనే పల్లెకు చోటున్నది, దానిని వాడుకోవాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలోను ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి. ఊరిలోని చేప, చెట్టు, పాయల వివరాలు రిజిస్టరులో రాయించాలి. మడ ఉన్నచోట ఆ రిజిస్టరు ఊరికి దస్తావేజు వంటిది. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషను ప్రకారం పెద్ద పరిశ్రమలకు, రేవులకు అనుమతి ఇచ్చేముందు చాలావరకు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. ముప్పయి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ సమావేశానికి వెళ్ళి నోటితో చెప్పిన మాటను అక్కడే రాయించుకోవడం అవసరం. రాత లేని మాటకు తరువాత విలువ ఉండదు.

తీర నియంత్రణ నిబంధనలు 1991లో మొదట వచ్చి, 2011లోను, 2019లోను మారాయి. వాటి ప్రకారం మడ అడవి అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న తరగతిలోకి వస్తుంది. ఏ సర్వే నెంబరు ఆ గీతలో ఉన్నదో చూపే పటాన్ని తెలుగులో రాయించి పంచాయతీ గోడకు అంటిస్తే సగం తగాదాలు మొదలు కాకుండానే పోతాయి.

అధికారుల పరంగా చేయదగినవి కొన్ని ఉన్నాయి. వేట నిషేధ భృతి ఏప్రిల్ 15 నాటికే చేతికందేలా చూడాలి. చేపలమ్మే ఆడవారిని, ఒడ్డు కూలీలను ఆ జాబితాలో చేర్చే విషయం పరిశీలించాలి. 8 కిలోమీటర్ల హద్దును కాచేందుకు గస్తీ పడవలో స్థానిక మత్స్యకారులను కూడా తీసుకోవాలి. నీటి నమూనాలు తీసేటప్పుడు ఊరివారిని పిలిచి, ఫలితం ఊరిలోనే ప్రకటించాలి. నీటిపారుదల సలహా సమావేశాలకు మొగ పల్లెల ప్రతినిధిని ఆహ్వానించాలి. కోరంగికి వచ్చే సందర్శకుల టిక్కెట్టు డబ్బులో ఎంత ఏ కమిటీకి చేరిందీ ఏటా గ్రామసభలో చదివి వినిపించాలి. పాత కమిటీలు పేరుకే మిగిలిన చోట కొత్తగా ఎన్నుకొని, సగం చోటు ఆడవారికి ఇవ్వాలి.

ఇందులో పెద్ద ఖర్చుతో కూడినవి తక్కువే. చేపముల్లు కాలువలలో నీరు ఆడినన్నాళ్ళు మొక్క బతికింది. ఆ కాలువ పూడకుండా చూసినది ఊరి మనుషులే. అధికారులకు, పల్లెలకు మధ్య మాట కూడా అటూ ఇటూ ఆడితేనే కోరంగి అడవి, దాని మీద బతికే ఇళ్ళు రెండూ నిలుస్తాయి. వచ్చే ఏప్రిల్ నిషేధానికి ముందే ఈ పల్లెల పెద్దలను, ఆడవారిని, మత్స్య, అటవీ, నీటిపారుదల, కాలుష్య నియంత్రణ శాఖలవారిని ఒకేచోట కూర్చోబెట్టే పని కలెక్టరు స్థాయిలో జరగవలసి ఉంది.